కైరోలో ఆగిన బండి

"వాడు దారిచ్చాడు కదరా, హారన్ కొట్టి థాంక్స్ చెప్పు," అన్నాడు రిఫాత్ మామ.

"మస్కట్‌లో హారన్ కొడితే తిట్టినట్టు మామా," అన్నాడు తామెర్. పదేళ్ళు అక్కడే బండి నడిపాడు. కైరోలో స్టీరింగ్ పట్టడం ఇదే మొదలు.

రోడ్డు పక్కన కూరల సంచితో ఒక ముసలామె నిలబడి ఉంది. తామెర్ బండి ఆపి, దాటమని చెయ్యి ఊపాడు. ఆమె కదల్లేదు. వెనక హారన్లు మోత మోగిపోయాయి.

"పోనీరా మస్కట్ దొరా. కదిలే బండ్ల మధ్యయితే ఆమె కళ్ళు మూసుకుని దాటుతుంది. ఆగిన బండిని చూసే హడలిపోతోంది."

"ఇక్కడ మనిషంటే లెక్కే లేదు మామా."

ఇంతలో ఆమె కిటికీ దగ్గరికి వచ్చింది. "చెడిపోయిందా నాయనా?" అని, జవాబు కోసం ఆగకుండా వెనక్కి తిరిగి కేకేసింది. అప్పటిదాకా హారన్లు కొట్టిన నలుగురూ దిగొచ్చారు. ఆమె కూడా సంచి కింద పెట్టి బండి మీద చెయ్యి వేసింది.

"లేదమ్మా, బండి బాగానే..." అనబోయాడు తామెర్.

మామ చెయ్యి చాచి ఇంజన్ ఆపేశాడు. "న్యూట్రల్‌లో పెట్టు. వాళ్ళని చిన్నబుచ్చకు."

వాళ్ళు తోస్తుంటే బండి కదిలింది. తామెర్ మెల్లగా, రెండుసార్లు హారన్ కొట్టాడు.