ఓడ అడుగున రంగు

నా మనవడు బెన్హర్ కాగితంతో చేసిన యుద్ధనౌకను తెచ్చి బల్లమీద పెట్టాడు. నేవీ రాత పరీక్ష, పరుగు పరీక్ష గట్టెక్కాడు. సోమవారం విశాఖలో డాక్టరు పరీక్ష ఒక్కటే మిగిలింది.

"ఎలాగుందో సూడు మామ్మా."

కళ్లద్దాలు పెట్టుకున్నాను. ఫిరంగులు చక్కగా నిలబడ్డాయి. ఎక్కడా జిగురు మరక లేదు. నీళ్లలో మునిగే భాగానికి మాత్రం ఆకుపచ్చ కాగితం అంటించాడు.

"ఇదేం రంగురా?"

"ఎరుపు. అసలు ఓడలకీ అడుగున ఎరుపే ఉంటాది. నీకేటి తెల్సు?"

"మిగిలిన ఎర్ర కాగితం ఉంటే తీసుకురా."

రెండు ముక్కలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఒకటి ఎరుపు, ఒకటి ఆకుపచ్చ.

"రెండూ ఒకటే మామ్మా. నీకు ఏది కావాలంటే అది ఉంచుకో."

రంగులు పోల్చుకోలేని కళ్లను నౌకాదళం తీసుకోదు. ఆ సంగతి వాడికి సోమవారం డాక్టరు చెబుతాడు.

"ఏటి మామ్మా, బాగులేదా?"

"బాగుంది," అన్నాను.

ఆ మాట నా నోట వాడెప్పుడూ వినలేదు. నమ్మలేనట్టు ఓసారి నా మొహంలోకి చూశాడు. ఓడను రెండు చేతులా పైకెత్తి, వీధిలోకి పరుగెత్తాడు.

"ఒరే, సూడండ్రా! మా మామ్మ బాగున్నాదంది!"