ఖాళీ గడి

సేవ్ నొక్కగానే తెర మీద మళ్లీ అదే మాట: 'మీరు మార్చేలోపే మరొకరు ఈ రికార్డును మార్చారు.'

పళ్ల గోదాము నడిపే జ్లాత్కా ఏడోసారి నొక్కింది. ఏడోసారీ అదే.

తనిఖీ అయినట్టు తెర మీద టిక్ పడితేనే చెర్రీలు లారీ ఎక్కుతాయి. మధ్యాహ్నం పన్నెండులోపు లారీ కదలకపోతే రేపటి వియన్నా సంత పోయినట్టే.

"అక్కా, ఇంకాసేపుంటే పళ్లు కాదు, జామ్ దింపాలి వియన్నాలో," అన్నాడు డ్రైవరు గుమ్మంలోంచి.

ఎవరా మరొకరు?

గోదాములో ఉన్నవి మూడే కంప్యూటర్లు. ఒకటి తనది. రెండోది పదేళ్లుగా నమ్మకంగా చేస్తున్న నెవెనాది. మూడోది కాటా దగ్గర, సీజన్ కోసం పది రోజుల కిందట చేరిన ముసలి స్పాస్‌ది.

మోచేతులు అరిగిన అతని చొక్కా చూశాక ఇంక లెక్క తేలిపోయింది.

"ఏం కెలికావయ్యా?"

"నేను ముట్టుకోలేదమ్మా. ఆ 'మరొకరు' మనిషి కాదు. నిన్న సర్వర్‌లో 'కడిగారా? అవును, కాదు' అని కొత్త గడి పెట్టించారు కదా. అంతకుముందు నమోదైన సరుకుకు అది ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ అంటే ఏమిటో తేల్చుకోలేక, ఎవరో మార్చారనుకుని తెర తికమకపడుతోంది. అన్నిట్లో 'కాదు' అని నింపించండి, చాలు."

"కాటా పట్టేవాడివి, నాకు పాఠాలా? టోపీ తీసుకుని వెళ్లిపో."

స్పాస్ టోపీ పెట్టుకున్నాడు.

"సరేనమ్మా. ఆ గడి మాత్రం మరిచిపోకండి."

పది గంటల బస్సులో వెళ్లిపోయాడు.

జ్లాత్కా అతని కంప్యూటర్ తీగ పీకి, సేవ్ నొక్కింది.

మరొకరు మార్చారు.

నెవెనా తీగా పీకింది.

"నన్ను కూడానా అక్కా?"

మరొకరు మార్చారు.

ఇప్పుడు గోదాములో నడుస్తున్నది ఒక్క కంప్యూటరే. దాని ముందున్నది తానొక్కతే.

"ఆయన చెప్పింది చేయించి చూడు," అంది నెవెనా, మొహం తిప్పుకొని.

నిన్న గడి పెట్టిన కుర్రాడు ఫోన్‌లో దొరికేసరికి పన్నెండున్నర. అతను ఖాళీలన్నిట్లో 'కాదు' నింపాడు. సేవ్ నొక్కగానే టిక్ పడింది.

లారీ అప్పటికే ఎదురు గోదాము చెర్రీలతో వెళ్లిపోయింది.

ఫోన్ నంబరు దొరుకుతుందేమోనని జ్లాత్కా స్పాస్ దరఖాస్తు తీసింది.

'కంప్యూటర్ వచ్చా? అవును, కాదు' అన్న గడిని అతను ఖాళీగా వదిలాడు. అందులో ఎర్రసిరాతో 'కాదు' అని నింపింది తన చెయ్యే.

దాని కింద, 'పూర్వం చేసిన పని' అన్నచోట, ఆమె ఆనాడు చదవని వరుసలో చిన్న అక్షరాలు: 'పళ్ల గోదాములకు ప్రోగ్రామ్ రాశాను. మీ దగ్గర నడుస్తున్నది అదే.'