ఆధారం లేని వాక్యం

2019 ఎన్నికల వారం. అభ్యర్థి వికీపీడియా పేజీలో ఎవరో మళ్లీ అదే వాక్యం చేర్చారు: "ఈయన ర్యాలీ కారు గుద్ది నౌపడ ఉప్పు కూలీ రాముడు చనిపోయాడు."

ఏ పేపరూ రాయని సంగతి. వికీపీడియా పేజీల్లో తప్పులు దిద్దే అనూరాధ మూడోసారి కూడా దాన్ని తీసేసి, కారణం దగ్గర "ఆధారం లేదు" అని రాసింది. పొద్దున అదే పేజీలో "పేదల దేవుడు" అన్న మాటనూ ఆమే కొట్టేసింది.

వెంటనే చెల్లెలు రాణి ఫోన్ చేసింది.

"నాను రాసినదాన్ని తీసేత్తన్నది నువ్వేనేటక్కా? ఆధారం నేదా? నాన్న పేనం నీ ఒళ్లోనే కదా పోయింది?"

"మనం సూసింది సెల్లదే రాణీ. పేపర్లో రావాల," అంది అనూరాధ.

ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని అనూరాధ బీరువా తెరిచింది.

"ఆ నెత్తురు సీర ఇంకా ఉతకనేదే నాను."