బోరు కాడ అనకూడని మాట

“ఆ మాట ఈడ అనొద్దు పాపా,” అంటూ ఓబమ్మ కూతురు సుంకమ్మ నోరు చేత్తో మూసింది.

‘ఫేల్’ అనే మాట బోరుబండితోనే ఆ ఊళ్లోకి వచ్చింది. బోరు వేసేటప్పుడు ఆ మాట అంటే నీళ్లు పడవని అందరికీ భయం. పదో తరగతి ఫలితం చూసొచ్చిన సుంకమ్మ మాట మింగేసింది.

దుమ్ము కక్కి కక్కి బండి ఆగిపోయింది. నీళ్లు పడలేదని డ్రైవరు తల అడ్డంగా ఊపాడు.

“నీ నోట్లో మాటే తగిలినాది. ఇంక బడి చాలు, కూలికి రా,” అంది ఓబమ్మ.

తండ్రి తిప్పన్న లేచాడు.

“వాన ఫేల్. చెనిక్కాయ పంట ఫేల్. ఇప్పుడు బోరూ ఫేలే. అయినా మళ్లా ఇత్తనం ఏస్తాం కదా. పాపను ఒక్క తూరికే ఇడుస్తామా? మళ్లా రాయనీ.”

తల్లి చేతికేసి చూసింది సుంకమ్మ. ఈసారి అది ఎవరి నోరూ మూయడానికి లేవలేదు.