రాయల రాయి

తడిగుడ్డతో మంటపం గోడలోని రాయిని తుడుస్తున్న ముసలామెను చూసి ధనశేఖర్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు.

తమిళనాడులోని గుడియాత్తంలో ఆ నేతగాళ్ళ వీధి సంఘానికి అతనే పెద్ద.

అది రాయలవారు వేయించిన రాయి అని వీధిలో అందరికీ తెలుసు. ఏం రాసుందో ఎవరికీ తెలియదు. రాతిమీదివి పాత తెలుగు అక్షరాలు; అందరూ మాట్లాడేది తెలుగు, చదువుకున్నది తమిళం.

"ఎవరమ్మా నువ్వు? యాడిది ఊరు?"

"ఒడుగత్తూరు నాయనా. వరదమ్మ అంటారు."

"ఈ రాయితో నీకేం పని?"

"దీన్ని చూసి శానా ఏండ్లయింది. మీ వీధిలో గ్యాపకం బాగుండే బిడ్డ ఎవరన్నా ఉంటే, రెండు దినాలు నా దగ్గర కూర్చోబెట్టు."

"దేనికి?"

"నా తర్వాత..."

అతను చెప్పనివ్వలేదు. పోయిన నెలే పక్క ఊళ్ళో బంగారం ఉందని ఎవరో గుడి అడుగు తవ్వేశారు. అంతకుముందు అక్కడికీ ఇలాగే కొత్త మనుషులు వచ్చి రాళ్ళు చూసిపోయారట.

"ఇట్లాంటోళ్ళని శానామందిని చూసినాం. బస్సు ఉండాది, పో."

ఆమె చెప్పులు వేసుకుంది.

"సరి నాయనా. రాయిని మాత్రం ఏం చెయ్యొద్దండి."

ఆ మాటతో అతని అనుమానం గట్టిపడింది. రాయి కనబడుతుంటేనే కదా దొంగల కన్ను పడేది.

మంటపానికి టైల్స్ వేయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నారు. వారంలోగా పని మొదలైంది. సిమెంటు పట్టాలని మేస్త్రీ రాయి ముఖమంతా ఉలితో చెక్కేశాడు.

వరదమ్మ ఇంకోసారి వచ్చింది. మెరిసే గోడ ముందు చాలాసేపు నిలబడింది. ఒక ఇంట్లో నీళ్ళడిగి తాగి, వెళ్ళిపోయింది.

ఎనిమిది నెలలకు కోర్టు నోటీసు వచ్చింది. మంటపం ఎదుటి బయలు, నలభై ఇళ్ళవాళ్ళు పడుగులు సాగదీసుకునే చోటు, తనదని ఎవరో కేసు వేశారు.

వేలూరులో వకీలు కమలాక్షి కాగితాలన్నీ తిరగేసింది.

"పట్టా లేదు. ఆ బయలు మీకిచ్చినట్టు రాతిమీద ఉంటే, ఎల్లలు చెప్పుంటే, పాత రికార్డుల్లో వెతకొచ్చు. ఏం రాసుండాది?"

రాయిని చెక్కించి టైల్స్ వేయించిన సంగతి ధనశేఖర్ చెప్పాడు.

"ఫొటోలన్నా లేవా?"

పెళ్ళి ఫొటోల్లో మనుషుల వెనక రాయి ఉంది. అక్షరాలు లేవు.

"దాన్ని చదివినోళ్ళు ఒక్కరూ లేరా?"

అప్పుడు గుర్తొచ్చింది అతనికి. మర్నాడే ఒడుగత్తూరు బస్సెక్కాడు.

తలుపు తీసింది వరదమ్మ కూతురు సుజిత.

"అమ్మ పోయి నెలయిందన్నా."

అతను తన ఊరూ, రాయికి పట్టిన గతీ చెప్పుకున్నాడు.

"ఆ రాయిలో ఉండేది యాడన్నా రాసిపెట్టి పోయిందామ్మా?"

"మా అమ్మకి అక్షరం రాదన్నా."

"మరి?"

"అంతా నోటికి వచ్చు. మొదలునుంచి కడదాకా."

"నీకు నేర్పలేదా?"

"నేర్పబోయింది. నేనే చెవిన పెట్టలేదు. ఆ మాటలు ఆ వీధివాళ్ళవి, వాళ్ళ బిడ్డకే అప్పగించొస్తానని ఆ పొద్దు మీ ఊరికి బయలుదేరింది."

"ఆమెకెవరు నేర్పినారు?"

"వాళ్ళ నాయన. ఆయనకి వాళ్ళ నాయన."

సుజిత గొంతు తగ్గించింది.

"చదువు రానోళ్ళకీ తెలియాలని, ఆ రాతిమాటలు ఏటా మీ వీధిలో చెప్పమని రాయలవారు పెట్టిన ఇల్లంట మాది, మీ వీధి పిలవడం ఎప్పుడో మానేసినా నోటికి నిలుపుకుంటా వచ్చిన ఆ ఇంట్లో మా అమ్మే ఆఖరు."