చెవిలో హోరు

నంద్యాలలో మనిషిని గాజు గొట్టంలో పండబెట్టి ఆక్సిజన్ గాలి గట్టిగా పట్టిస్తారట. ఎంత పాత హోరైనా చెవిలోంచి లేచిపోతుందట. ప్యాపిలిలో ఉండే తన వియ్యపురాలికి ఇప్పుడు చీమ నడిచినా వినబడుతోందట. పక్కింటి జీవమ్మ ఇదంతా గోడ మీదుగా కేకేసి శాంతమ్మకు చెప్పింది. శాంతమ్మ మొగుడి చెవిలో వేసింది. తెల్లారేసరికి గురుస్వామి ఉతికిన చొక్కా తొడుక్కుని ఆళ్లగడ్డ బస్టాండులో నంద్యాల బస్సెక్కాడు. వెనకాలే శాంతమ్మ.

డాక్టరు జాహ్నవి అతని చెవులు పరీక్ష చేయించి, గొంతు పెంచి చెప్పింది. "ఆ గొట్టం మీకు పనిచేయదు, పెద్దాయనా."

"ఎందుకు చేయదు? జీవమ్మ వియ్యపురాలికి చేసినాది గదా!"

"ఉన్నట్టుండి చెవుడొచ్చి, వెంటనే పరిగెత్తుకొస్తే కొందరికి పనిచేస్తుంది. మీ చెవులు ఏళ్ల తరబడి అరిగిపోయినవి. ఇంతకీ ఏం పని చేస్తారు?"

"బొమ్మలు చెక్కుతా. పొద్దు మునిగేదాకా రాయి కోసే మిషన్ చేతిలోనే ఉంటాది." గురుస్వామి కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మనుషుల మాటలు ఇనపడకుంటే పీడా పాయ, తల్లీ. నాకు రాయి ఇనపడాల. సుత్తితో తడితే గంట మాదిరి పలికిందా, మంచి రాయి. బద్దగా పలికిందా, లోపల పగులుండాదని. ఈ హోరులో ఆ పలుకు తెలీక, మొన్న నందికి మెడకాడ ఇరిగిపాయ. దాన్ని చేయమన్న ఉయ్యాలవాడోళ్లు నడిబజార్లో నా ముఖాన ఊంచినంత పని చేసినారు. పని చేసినా చేయకున్నా, నన్ను ఆ గొట్టంలో పండబెట్టు."

"ఆశ పెట్టి పడుకోబెట్టమంటారా? నావల్ల కాదు. పోయిన వినికిడి తిరిగి తేలేను గానీ, హోరును ఓర్చుకునే దారులు కొన్ని ఉన్నాయి. అది ఎట్లా ఉంటుందో చెప్పండి."

గురుస్వామి తడుముకున్నాడు. "ఎట్లంటే... ఏందో... గుయ్యిమని..."

"గుయ్యిమని కాదు మేడం." అప్పటిదాకా డాక్టరు నోటినే చూస్తూ కూర్చున్న శాంతమ్మ అందుకుంది. "మిషన్ ఆపినంక కూడా బ్లేడు రవంతసేపు తిరుగుతాది చూడు, అట్ల సన్నంగా కీచుమంటాది. ఆ బ్లేడన్నా నిలబడుతాది, ఇది నిలబడదు. ఎడమ చెవిలో ఎక్కువ. తల దిండు మీద పెడితే ఇంకా పెరుగుతాది. పడిశం పట్టిందా, ఇంగ చచ్చినట్టే. కొళాయి ఇప్పుకొని ఆ సద్దుకాడ కూర్చుంటే కొంచెం మరుపు."

డాక్టరు మెచ్చుకోలుగా తలూపింది. "అదృష్టవంతులు పెద్దాయనా. మీ బాధ ఆమెకు ఎంత బాగా చెప్పుకున్నారు!"

"నేనెప్పుడు చెప్పినా?" గురుస్వామి పెళ్లాం వైపు విచిత్రంగా చూశాడు. "అయినా నాది కుడి చెవి గదా!"

డాక్టరు తన కుర్చీని శాంతమ్మ వైపు తిప్పుకుంది. "మీరేం పని చేస్తారమ్మా?"

"ఆయప్ప కోస్తాంటే పక్కనే కూర్చోని రాయి మీద నీళ్లు పోస్తా. దుమ్ము లేయకుండా."

"ఎప్పట్నుంచి?"

"పెండ్లయినకాడ్నుంచి."

డాక్టరు ఇంకేమీ అడగకుండా ఆమెనూ పరీక్ష గదిలోకి పంపింది. రిపోర్టు వచ్చింది. శాంతమ్మ చెవులు గురుస్వామి చెవుల కన్నా ఎక్కువ చెడిపోయాయి.

గురుస్వామి ముఖం ఎర్రబడింది. "ఇన్నేండ్లు నాకు ఒక్క మాటన్నా చెప్పకపోతివేమే!" అని గది అదిరేట్టు అరిచాడు.

"చెప్పినా," అంది శాంతమ్మ. "నువ్వు మిషన్ ఆపల్యా."