గోరు గాటు

మధ్యాహ్నం కునుకు తీసి లేచిన హెర్సీలియాకి అద్దంలో ఎడమ చెంప మీద చర్మం ఊడిపోయి పచ్చిపుండు కనబడింది.

పావుగంటలో ఆమె యామిలెత్ పార్లర్ తలుపు తోసుకుని వచ్చింది. వెనకాలే మొగుడు ఎవేలియో కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో ఆగాడు.

"నీ ఆసిడ్ నా మొహం తినేసిందే! ముడతలు పోతాయన్నావు! ఆదివారం ముసలోళ్ళ సల్సా డాన్సుకి ఈ పుండేసుకుని వెళ్ళనా?"

"అరవకు డోన్యా హెర్సీలియా. పూసి ఐదు రోజులైంది. పాత తోలు దానంతటదే రాలాలి, లాగొద్దని చిలక్కి చెప్పినట్టు చెప్పాను." యామిలెత్ ఆమె గడ్డం పట్టుకుని దీపంవైపు తిప్పింది. "ఇది మందు కాల్చింది కాదు. పీకింది. ఇదిగో, నెలవంకలా గోరు గాటు."

"నాకు గోళ్ళెక్కడివి? గీరుకుంటానని నువ్వే కదా మొదలంటా కత్తిరించావు!"

ఇద్దరూ ఒక్కసారే గుమ్మంవైపు తిరిగారు. గిటారు మీటడానికి ఎవేలియో నలభై ఏళ్ళుగా కుడి బొటనవేలి గోరు పెంచుతున్నాడు. ఆ చెయ్యి గబుక్కున జేబులోకి పోయింది.

"తియ్యి బయటికి," అంది హెర్సీలియా.

గోరు కింద ఆమె రాసుకునే తెల్లటి లేపనం ఉంది.

"నువ్వు నిద్రపోతుంటే నేనే పీకాను," అన్నాడతను. "మొహం నున్నగా మానకూడదనే పీకాను. నా మోకాలు పోయినప్పట్నుంచీ ఆ డాన్సు హాల్లో గోడవార కూర్చుని చూస్తున్నా. ఇన్ని ముడతలుండగానే ఆడదాం రమ్మని నీ ముందు అంతమంది చెయ్యి చాస్తున్నారు. అవి కూడా పోతే, ఇంక నా గోడవైపు చూస్తావా?"